విల్లుకు ఏం పూయాలి?

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. బడి గేటు దగ్గర ఒక అవ్వ నిలబడి ఉంది. పక్కన ఐదో తరగతి చదివే ఆమె మనవడు. అవ్వ చేతిలో పాత చీరలో చుట్టిన పొడుగాటి కర్ర ఉంది. గూడెం మొత్తం మిరప కోతలకు గుంటూరు వైపు బయల్దేరుతోంది. మేస్త్రీ పంపిన ట్రాక్టరు రోడ్డు మీద ఆగి ఉంది.

"నాయనా, ఇది మా ముసలాయన విల్లు. గుడిసెలో వదిలిపోతే చెద తింటది. కోతల కాడ పట్టా గుడిసెలో పెట్టుకునే చోటుండదు. ఉగాదికి వచ్చి తీసుకుంటాం, నీ దగ్గర పెట్టు" అంది.

చీర విప్పి చూశాను. తడ కర్రతో చేసిన విల్లు, నా భుజం అంత ఎత్తు. పొగచూరి నల్లగా ఉంది. ఒక కొన దగ్గర మాత్రం తెల్లటి పొడి రాలుతోంది. పురుగు మొదలైందన్నమాట. నడుమ పిడి దగ్గర వెంట్రుకంత సన్నటి గీత. పగులో, గీరో తెలియడం లేదు.

"పెట్టుకుంటా అవ్వా. కానీ దీనికి వారం వారం తైలం పట్టించాలి. ఒక్కడి వల్ల కాదు. వీణ్ణి కూడా ఉంచిపో" అన్నాను.

అవ్వ మనవడి వైపు చూసింది, ట్రాక్టరు వైపు చూసింది. కోతల్లో వాడి చేతికీ ఎంతో కొంత కూలి వస్తుంది. చివరికి "సరే" అంది. వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో వాడిని చేర్చాను. పిల్లవాణ్ణి బడిలో ఆపడానికి విల్లును సాకుగా వాడుకున్నానని ఒప్పుకుంటాను. అయితే ఆ సాకు నా మెడకే చుట్టుకుంది. ఉగాది నాటికి పిల్లవాడితో పాటు విల్లునూ క్షేమంగా అప్పగించాలి. నేనేమో అంతకు ముందే ఒక విల్లును చంపినవాణ్ణి.

అది మా తాతది. మా పెంటలో తాత గుడిసె పొయ్యి పైన, దూలానికి అడ్డంగా వేలాడుతూ ఉండేది. నారి ఎప్పుడూ దించే ఉండేది. తొలకరికి ముందు తాత దాన్ని దించి, తేనెమైనం, ఇప్ప నూనె కలిపి మోకాళ్ల మీద పెట్టుకుని అరచేత్తో రుద్దేవాడు. రుద్ది రుద్ది అరచెయ్యి వేడెక్కేది. మళ్లీ పొగలో వేలాడదీసేవాడు. దాన్ని మేము పెద్ద విషయం అనుకోలేదు. తాతకు పని లేక చేస్తున్నాడు అనుకునేవాళ్లం.

నాకు ఉద్యోగం వచ్చి కింది పట్టణంలో అద్దె ఇల్లు తీసుకున్నాక ఆ విల్లును తెచ్చుకున్నాను. వచ్చిన వాళ్లందరికీ చూపించాలని ఆశ. నల్లగా ఉంటే బాగుండదని గరుకు కాగితంతో ఆ పొగ పొరంతా గీకేశాను. లోపలి కర్ర ఎర్రగా, అందంగా బయటపడింది. రెండు పూతలు వార్నిష్ వేశాను. అద్దంలా మెరిసింది. నారి ఎక్కించి పడమటి గోడకు తగిలించాను. ఆ గోడ ఎండాకాలం సాయంత్రం దాకా కాలుతుంది, వానాకాలం చెమ్మ దిగుతుంది. రెండేళ్లు అలాగే ఉంది. ఒక ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, బడి పిల్లల ముందు దాన్ని లాగి చూపించబోయాను. సగం కూడా లాగలేదు. టప్‌మని విరిగింది.

రెండు ముక్కలు చీరలో చుట్టి పెంటకు తీసుకుపోయాను. నాయన ఏమీ తిట్టలేదు. విరిగిన చోటు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "పొగ వాసన ఏదిరా?" అన్నాడు. అంతే.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి చాలా ఏళ్లు పట్టింది. తప్పంతా వార్నిష్‌దే అనడం సులువు, కానీ నిజం కాదు. విరిగిన ముక్కలు జాగ్రత్తగా చూస్తే మూడు తప్పులు కనబడ్డాయి. మొదటిది, నారి దించకుండా రెండేళ్లు ఉంచడం. వంగి ఉన్న కర్ర అలిసిపోతుంది. రెండోది, కాలే గోడ. మూడోది పూత. వార్నిష్ మీద, పిడికి పైన, సన్నటి పగుళ్లు ఉన్నాయి. వాటి కింద కర్ర నల్లబడింది. చెమ్మ పగుళ్లలో నుంచి లోపలికి పోయింది, మిగతా పొర మూసుకుని ఉండడంతో తొందరగా బయటికి రాలేకపోయింది. పైనుంచి చూస్తే మెరుపే తప్ప ఏమీ కనబడలేదు. నేనూ ఎప్పుడూ చెయ్యి వేసి చూడలేదు.

ఇక్కడ కర్ర సంగతి కొంచెం చెప్పాలి. కర్ర కోసిన తర్వాత కూడా గాలిలోని తేమను తీసుకుంటుంది, వదులుతుంది. బాగా ఎండితే పెళుసై విరుగుతుంది. బాగా తేమ పడితే మెత్తబడి, వంచిన వంపులోనే ఉండిపోతుంది, బాణానికి జోరు తగ్గుతుంది. విల్లుకు సుమారు 8 నుంచి 12 శాతం మధ్య తేమ ఉండాలని విల్లులు చేసేవాళ్లు చెబుతారు. మా పిల్లలకు ఈ లెక్క అర్థం చేయించడం కష్టం కాలేదు. వాళ్ల నాయనలు పత్తి ఏరి, బోరాలు ఎత్తిన వాళ్లే. సీసీఐ కొనుగోలు కేంద్రంలో మీటరు గుచ్చి చూసే తేమ కూడా 8 నుంచి 12 శాతమే. 8 దాటితే ధరలో కోత, 12 దాటితే పత్తి వెనక్కి. "విల్లు కూడా పత్తి లాంటిదే సార్?" అని ఒక పిల్ల అడిగింది. తేమ విషయంలో అంతే.

మిరప ఇంకా మంచి పాఠం. కల్లంలో కాయ పచ్చిగా ఉన్నప్పుడు పట్టా కప్పి గట్టిగా మూసేస్తే లోపల ఉడికి, రంగుపోయి, బూజు పడుతుంది. అసలు కప్పకపోతే రాత్రి మంచుకు తడుస్తుంది. మరీ ఎండితే పట్టుకోగానే విరిగి గింజలు రాలతాయి. అందుకే రైతు పొద్దున పట్టా తీస్తాడు, సాయంత్రం కప్పుతాడు, మధ్యలో కాయ చేతిలోకి తీసుకుని ఆడించి చూస్తాడు. విల్లు మీద పూత కూడా ఆ పట్టా లాంటిదే. కప్పాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. రోజూ తీసి చూసే మనిషి ఉన్నాడా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

అవ్వ విల్లు విషయంలో ఈసారి తొందరపడలేదు. ముందు బడిలో పరీక్ష పెట్టాం. వడ్రంగి దగ్గర ఒకే పలక నుంచి కోసిన వేప ముక్కలు తెచ్చాం. ఒకటి వట్టిగా వదిలేశాం. మిగతా వాటికి ఒక్కోదానికి ఒక్కో పూత వేశాం: ఆముదం, ఇప్ప నూనె, అవిసె గింజల నూనె, తేనెమైనం, లక్క, వార్నిష్. అన్నీ ఆరనిచ్చి, వంటింటి తక్కెడలో తూచి, తడి గోనెసంచిలో వారం పెట్టి మళ్లీ తూచాం. సన్నటి వెదురు బద్దలకు కూడా ఇవే పూతలు వేసి, రోజూ ఇరవై సార్లు వంచి చూశాం.

ఆముదం మా ఊళ్లలో ఎద్దుల బండి ఇరుసు నుంచి పిల్లల తల దాకా అన్నిటికీ వాడతాం. కానీ అది ఆరని నూనె. కర్ర మీద జిడ్డుగానే ఉండిపోతుంది. మూడో రోజుకే మా ముక్క మీద సుద్దముక్కల పొడి, బడి దుమ్ము అంతా అంటుకుంది. ఇప్ప నూనె కూడా ఆరేది కాదు. చలికాలం గడ్డకడుతుంది, ఎండాకాలం కారుతుంది. తాత చేతిలో అది ఎందుకు పనిచేసిందంటే, కలిపిన మైనం దాన్ని పట్టి ఉంచింది, పొయ్యి వేడి లోపలికి దింపింది, పొగ పైన పొర కట్టింది. పొగ పురుగును కూడా రానివ్వదు. పొయ్యి లేని శ్లాబు ఇంట్లో ఇప్ప నూనె ఒక్కటీ ఆ పని చేయలేదు.

లక్క మన అడవి సరుకే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద లక్క పురుగు పెట్టే జిగురు. స్పిరిట్లో కరిగించి పూస్తే నిమిషాల్లో ఆరిపోతుంది. బల్లలకు, కుర్చీలకు బాగుంటుంది. నీళ్లు నిలిస్తే తెల్లమచ్చ పడుతుంది, మందంగా పూస్తే వంగే చోట పెళుసుగా చిట్లుతుంది. వెదురు బద్ద మీద మాకు అదే కనబడింది.

వార్నిష్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తడి గోనెసంచిలో అందరికన్నా తక్కువ బరువు పెరిగింది వార్నిష్ ముక్కే. తేమను ఆపడంలో నూనెలు దానికి సాటి రావు. కానీ వంచిన బద్ద మీద ఆ వార్నిష్ కొన్నాళ్లకు చిట్లింది. వంగే సరుకు కోసం వేరే వార్నిష్ ఉంది. ఓడ స్తంభాలు గాలికి ఊగుతాయి కాబట్టి వాటి కోసం తయారు చేసిన స్పార్ వార్నిష్ అది. సాగుతుంది, తొందరగా చిట్లదు. విల్లుకు వార్నిష్ వేయక తప్పకపోతే అది వేయాలి, పలచగా వేయాలి, కర్ర సరిగ్గా ఆరాకే వేయాలి. నేను వేసింది బల్లలకు వేసే రకం.

మిగిలింది అవిసె గింజల నూనె. పెయింట్ షాపుల్లో లిన్సీడ్ ఆయిల్ అంటారు. క్రికెట్ బ్యాటుకు పట్టించేది ఇదే కాబట్టి పిల్లలు వెంటనే గుర్తుపట్టారు. ఇది ఆరే నూనె. గాలి తగిలేకొద్దీ కర్ర పైపొరల్లోనే గట్టిపడుతుంది. పొరలా పైన నిలవదు కాబట్టి వంచితే చిట్లేదేమీ ఉండదు. తేమను పూర్తిగా ఆపదు. మా ముక్క వట్టి ముక్క కన్నా కొంచెమే మెరుగు. కానీ మీద పడిన నీటి చుక్కను నిలవనివ్వదు, పైన మైనం రుద్దితే ఇంకా జారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అరిగిన చోట మళ్లీ పూయడానికి ఏదీ గీకక్కర్లేదు. ఒక గుడ్డ, నాలుగు చుక్కలు, అరచెయ్యి చాలు.

చివరికి అవ్వ విల్లుకు అవిసె నూనె, తేనెమైనం అని నిర్ణయించాం. కారణం ఒక్కటే. ఈ విల్లును చూసుకునే మనిషి ఉన్నాడు, వాడి వయసు పదేళ్లు.

చేసిన పద్ధతి రాస్తాను, మీ బడిలో పనికొస్తుంది. ముందు పొగ పొరను ముట్టుకోలేదు. పొడి గుడ్డతో దుమ్ము తుడిచాం, అంతే. పురుగు పట్టిన కొనను రోజుల తరబడి పొయ్యి పొగకు పెట్టాం. మధ్యాహ్న భోజనం వండే అమ్మ కట్టెల పొయ్యి పైన, మంటకు అందనంత ఎత్తులో కట్టాం. పొడి రాలడం ఆగింది. పిడి దగ్గరి గీత మీద గోరు అడ్డంగా లాగి చూస్తే గోరు పట్టలేదు. పగులు కాదు, గీరే. అప్పుడు నూనె పలచగా పట్టించి, అరగంట తర్వాత మిగిలింది తుడిచేసి, వారం ఆరనిచ్చాం. ఇలా మూడు వారాలు, మూడు పూతలు. మందంగా పూస్తే బంకలా ఉండిపోతుంది. బాణం పెట్టే చోటా, నారి తగిలే కొనల దగ్గరా రెండోసారి రుద్దాం, అరుగు అక్కడే ఎక్కువ. చివరగా నాలుగు వంతుల నూనెకు ఒక వంతు మైనం కరిగించి, చల్లారిన ముద్దను అరచేత్తో రుద్దాం. మైనం మా పెంటల నుంచే వచ్చింది. తేనె గిరిజన సహకార సంస్థకు అమ్మాక మిగిలే పట్టును నీళ్లలో కాచి వడగట్టినది.

రెండు జాగ్రత్తలు టీచర్లు మరవకూడదు. మైనాన్ని నేరుగా మంట మీద కరిగించొద్దు, అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. సుమారు 63 డిగ్రీలకే కరుగుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి చిక్కుకుని గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. విడదీసి ఎండలో ఆరేయాలి, లేదా నీళ్లలో తడిపి పారేయాలి. డబుల్ బాయిల్డ్ అని అమ్మే రకంలో తొందరగా ఆరడానికి మందులు కలుపుతారు, పిల్లల చేతికి ఇవ్వకండి.

ఈ పనుల మధ్య ఒక పాత సంగతి చదివాను. ఇంగ్లండులో రోజర్ ఆష్కమ్ అనే ఆయన 1545లో విలువిద్య మీద ఒక పుస్తకం రాశాడు. ఆయనా మన లాంటి పంతులే. తర్వాత రాణి అయిన ఎలిజబెత్‌కు చదువు చెప్పినవాడు. మైనం పట్టించిన ఉన్ని గుడ్డతో విల్లును రోజూ మెరిసేదాకా రుద్దాలని ఆయన చెప్పాడు. అదే ఏడాది మేరీ రోజ్ అనే యుద్ధనౌక మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి లేపారు. అందులో యూ కర్రతో చేసిన పొడుగాటి విల్లులు వందకు పైగా దొరికాయి. గాలి తగలని బురద వాటిని నాలుగు వందల ఏళ్లకు పైగా కాపాడింది. కానీ ఇప్పుడవి అద్దాల వెనక ఉండాల్సిందే, ఎవరూ ఎక్కుపెట్టరు. శ్రీశైలంలోని చెంచులక్ష్మి మ్యూజియంలో మా విల్లంబులు చూసినప్పుడూ నాకు అలాగే అనిపించింది. మ్యూజియం అవసరమే. కానీ గోడ మీది విల్లుకు కావలసిన రక్షణ వేరు, చేతిలోని విల్లుకు కావలసిన రక్షణ వేరు.

మన విల్లులు గోడ ఎక్కడానికి కారణాలున్నాయి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1983లో నల్లమల ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. వేట ఆగింది. వేట ఆగాలి, నేను పిల్లలకు అదే చెబుతాను. అయితే వేటతో పాటు విల్లును తాకడం కూడా ఆగిపోయింది. తాకని విల్లుకు ఎండ, చెమ్మ, పురుగు మాత్రమే తోడు. ఇప్పుడు దానికి వేరే దారి ఉంది. మన దేశపు విలువిద్య పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. వెదురు, కర్ర విల్లులతోనే గురి కొట్టాలి. లక్షలు పెట్టి కార్బన్ విల్లు కొనలేని మన పిల్లలు మొదలుపెట్టడానికి అదొక మెట్టు. బాపట్ల, ఒంగోలు లాంటి సముద్రపు గాలి ఉన్న చోట, పదిమంది చేతులు మారే బడి విల్లుకు స్పార్ వార్నిష్ పలచగా వేసి పైన మైనం రుద్దమనే నేనూ చెబుతాను. రెంటచింతల లాంటి ఎండల్లో ఏ పూత వేసినా సరే, విల్లును రేకుల కింద, ఆగి ఉన్న ఆటోలో వదలొద్దు. పని అయిపోగానే నారి దించండి. ఈ రెండూ ఏ పూత కన్నా ఎక్కువ కాపాడతాయి.

ఆ మూడు నెలలూ పిల్లవాడు ప్రతి శనివారం మధ్యాహ్నం విల్లు కోసం వచ్చేవాడు. మొదట్లో నూనె ఎంత పట్టిందో చూసేవాడు. తర్వాత్తర్వాత కళ్లు మూసుకుని వేలు పోనిచ్చి, "సార్, ఇక్కడ గరుకుంది" అనేవాడు. నాకు కనబడనిది వాడి వేలికి తెలిసేది. ఎక్కడ తడిమినా ఆ విల్లు సంగతి వాడికి తెలుసు. మా తాత విల్లు గురించి నాకు అలా ఒక్కనాడూ తెలియలేదు. హాజరు పట్టీలో ఆ మూడు నెలలూ వాడి పేరు ఎదురుగా ఒక్క గైర్హాజరు లేదు. కిందటేడు ఇదే కాలంలో వరసగా గైర్హాజరే.

ఉగాదికి రెండు రోజుల ముందు అవ్వ వచ్చింది. మిరప ఘాటుకు వేళ్లు పొక్కి ఉన్నాయి. విల్లు చేతికిచ్చాను. కొన నుంచి కొన దాకా తడిమింది. పురుగు పట్టిన చోట ఆగి, చూసి, మళ్లీ తడిమింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది. నా గుండె ఒక్క క్షణం ఆగింది.

"పొగ వాసన ఉంది. ఇంకేదో కూడా కలిసింది" అంది.

"అవిసె నూనె అవ్వా" అని మనవడే చెప్పాడు. ఎన్ని పూతలు వేశాడో, ఎన్ని రోజులు ఆరబెట్టాడో, గుడ్డలు ఎందుకు ఎండలో వేయాలో గబగబా చెప్పాడు. అవ్వ సగం విన్నది, సగం నవ్వింది. వెళ్లేటప్పుడు మిగిలిన మైనం ముద్ద అడిగి తీసుకుని కొంగున కట్టుకుంది.

గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, "వచ్చే కోతలకు కూడా ఉంచిపోతా, నాయనా" అంది.

విల్లునా, పిల్లవాణ్ణా అని నేను అడగలేదు.